‘కరువు మాకు కొత్తా?’ అని లేచిపోయిన పెద్దాయన్ని ముందు వరుసలో కూర్చోబెట్టండి

ప్రశ్న: కళ్యాణదుర్గం దగ్గర ఒక ఊళ్ళో హైస్కూలు సైన్సు టీచర్ని. పోయిన నెల వాతావరణ మార్పు మీద గంటన్నర డాక్యుమెంటరీ ఒకటి స్కూలు ఆవరణలో వేశాం. ఇంగ్లీషు సినిమా, కింద తెలుగు అక్షరాలు. మంచుకొండలు విరిగి పడుతుంటే కొందరు పిల్లలు ఏడ్చారు. పెద్దలు సగంలోనే లేచిపోయారు. ఒక పెద్దాయన “కరువు మాకు కొత్తా? ధాత కరువు నాడు ఏ కార్లు తిరిగినాయమ్మా?” అనేసి వెళ్ళిపోయారు. నాకు జవాబు తట్టలేదు. వారం తర్వాత అడిగితే పిల్లలకు కూడా తెల్ల ఎలుగుబంటి తప్ప ఏమీ గుర్తులేదు. ఒక సినిమాకు నిజంగా మనిషి మనసు మార్చే శక్తి ఉందా? మళ్ళీ వేయాలని ఉంది. ఎలా వేస్తే పని జరుగుతుంది?

సమాధానం: ఆ పెద్దాయన అడిగింది చాలా మంచి ప్రశ్న. దానికి జవాబు చెప్పకుండా ఇంకో పది సినిమాలు వేసినా మీ ఊరు నమ్మదు. నమ్మకపోవడం వాళ్ళ తప్పు కూడా కాదు. అందుకే అక్కణ్ణుంచే మొదలుపెడదాం.

ధాత కరువు 1876–78 నాటిది. అప్పటికి అనంతపురం జిల్లాయే లేదు, బళ్ళారిలో కలిసి ఉండేది, 1882లో విడిపోయింది. బళ్ళారి, కర్నూలు, కడప మూడూ ఆ కరువులో నలిగిపోయాయి. పసిఫిక్ మహాసముద్రం నీళ్ళు వేడెక్కి తరచు మన వానల్ని దెబ్బతీసే ఎల్ నినో ఆ ఏళ్ళలో చాలా బలంగా వచ్చింది. దానికితోడు జనం ఆకలితో చస్తుంటే తిండిగింజలు ఓడలెక్కి ఇంగ్లండుకు పోతూనే ఉన్నాయి. అప్పట్లో గాలిలో కార్బన్ డయాక్సైడ్ పది లక్షల పాళ్ళకు సుమారు 290 పాళ్ళు. 1958లో హవాయి దీవుల్లోని మౌనా లోవా కొండ మీద చార్లెస్ కీలింగ్ దాన్ని కొలవడం మొదలుపెట్టేసరికి 315 దగ్గర ఉంది. 2024 సగటు 420 దాటింది. అంటే పెద్దాయన లెక్క సరైనదే: కరువు ముందు వచ్చింది, పొగ తర్వాత వచ్చింది.

అనంతపురంలో ఏడాదికి సగటున పడేది 550 మిల్లీమీటర్ల పైచిలుకు వాన. నైరుతి మేఘాల్ని పడమటి కనుమలు ముందే పిండేస్తాయి, ఈశాన్యం వానలు తూర్పు తీరం నుంచి ఇక్కడికి వచ్చేసరికి పలచబడిపోతాయి. ఇది ఈ నేల ఉన్న చోటును బట్టి వచ్చిన కష్టం. బోర్లు వందల అడుగుల లోతుకు పోవడానికి మొదటి కారణం భూమిలోకి ఇంకేదానికన్నా ఎక్కువ తోడెయ్యడం. 2024 ఆగస్టు 10 రాత్రి తుంగభద్ర 19వ గేటు కొట్టుకుపోయింది గొలుసు తెగి. వీటన్నిటినీ వాతావరణ మార్పు ఖాతాలో రాసే సినిమా గానీ టీచరు గానీ ఆ ఊళ్ళో మాట పోగొట్టుకుంటారు. ఇది మీరు గట్టిగా పట్టుకోవలసిన సంగతి. తెలియని వాళ్ళ ముందు ఎక్కువ చేసి చెబితే కొంతసేపు చెల్లుతుందేమో గానీ, కార్తెకార్తెకూ ఆకాశం చూసే మనిషి ముందు ఒక్క నిమిషం కూడా చెల్లదు.

మరి పొగ వంతు ఏమిటి? ఈ మాట ఆయనకు అప్పు లెక్కలో చెప్పండి: అసలు పాతది, వడ్డీ కొత్తది. 1850–1900 నాటితో పోలిస్తే 2011–20 నాటికి భూమి సగటు వేడి సుమారు 1.1 డిగ్రీలు పెరిగింది. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ ఆవిరిని పట్టుకోగలదు. దీనివల్ల రెండు వైపులా దెబ్బ. వాన లేని రోజుల్లో ఆ గాలి నేలలోని పదును తొందరగా లాగేస్తుంది. వాన వచ్చిన రోజున అంత ఆవిరీ ఒక్కసారిగా దిగుతుంది. వేరుశనగ ఊడలు దిగే దశలో ఇరవై రోజుల బెట్ట మీ ఊరికి ఎప్పుడూ ఉన్నదే. అయితే అవే ఇరవై రోజుల్లో ఎర్రనేల ఇప్పుడు ఇంకా ఎక్కువ ఎండుతుంది. ఎల్ నినో ధాత నాడూ ఉంది, నేడూ ఉంది. 2023లో అది వచ్చినప్పుడు దేశం మొత్తం మీద ఆగస్టు వాన 1901 నుంచి ఎన్నడూ లేనంత తక్కువ పడింది. పాత శత్రువే ఇప్పుడు వేడెక్కిన గాలిని తోడు తెచ్చుకుంటున్నాడని చెప్పండి. ఆయన ఒప్పుకుంటారని హామీ ఇవ్వలేం, కూర్చుని వింటారు మాత్రం.

ఇక సినిమా శక్తి సంగతి. 2006లో వచ్చిన ‘యాన్ ఇన్‌కన్వీనియంట్ ట్రూత్’ మీద జరిగినంత పరిశోధన ఈ విషయం మీద వచ్చిన సినిమాల్లో తక్కువ వాటి మీద జరిగింది. అమెరికాలో అది ఆడిన చోట్లకు పది మైళ్ళ లోపు ప్రాంతాల్లో, విడుదలైన రెండు నెలల పాటు, తమ కాలుష్యానికి పరిహారంగా స్వచ్ఛందంగా డబ్బు కట్టేవాళ్ళు 50 శాతం పెరిగారు. ఏడాది తిరిగాక వాళ్ళు మళ్ళీ కట్టిన జాడ పెద్దగా లేదు. మరో అధ్యయనంలో చూసినవాళ్ళ తెలివిడి పెరిగింది, ఆందోళన పెరిగింది, ‘ఏదైనా చేస్తాం’ అనే ఇష్టం పెరిగింది. నెల తర్వాత చూస్తే ఆ ఇష్టం చేతల్లోకి పెద్దగా దిగలేదు. మీ స్కూల్లో జరిగిందీ అదే. కాబట్టి మీరు చేతకానివాళ్ళేమీ కాదు. సినిమా ఒక తలుపు తీస్తుంది, అది కొద్ది రోజులే తెరిచి ఉంటుంది. ఆ రోజుల్లో లోపలికి ఏం పంపాలో మీరు ముందే సిద్ధం చేసి పెట్టుకోలేదు, అంతే.

అదే సినిమా గురించి ఇంకో సంగతి మీలాంటి టీచర్లకు పనికొస్తుంది. బ్రిటన్ బడుల్లో దాన్ని చూపించడం మీద కేసు పడింది. 2007 అక్టోబరులో లండన్ హైకోర్టు జడ్జి దాని మూల విజ్ఞానం మొత్తమ్మీద సరైనదేనన్నారు గానీ, తొమ్మిది చోట్ల శాస్త్రవేత్తల ఉమ్మడి అభిప్రాయాన్ని దాటి వెళ్ళిందన్నారు. సముద్రం 20 అడుగులు పెరగడం దగ్గర్లోనే జరుగుతుందన్నట్టు చూపడం, కిలిమంజారో మంచు కరగడాన్నీ చాద్ సరస్సు ఎండడాన్నీ నేరుగా వేడి ఖాతాలో వేయడం అందులో కొన్ని. టీచర్లకు ఆ వివరణలు ఇచ్చి చూపించవచ్చని తీర్పు. నిజం చెప్పే సినిమా కూడా ఊపులో గీత దాటుతుందని పిల్లలకు ముందే చెప్పండి. తర్వాత ఎవడో ఫోన్లో ఒక తప్పు చూపించి ‘అంతా అబద్ధం’ అన్నప్పుడు వాళ్ళు కూలిపోరు.

మీ పిల్లలకు ఎలుగుబంటే గుర్తుండటంలో వింత లేదు. మనసు ముఖాన్ని పట్టుకుంటుంది, గీతల పటాన్ని వదిలేస్తుంది. చిక్కల్లా ఆ ముఖానికీ మీ చేనుకూ మధ్య దారి ఎవరూ చూపకపోవడం. ఇక్కడ చాలామంది టీచర్లు ఇంకో పొరపాటు కూడా చేస్తారు: ‘మంచు కరిగితే మన నదులు ఎండుతాయి’ అంటారు. గంగకు ఆ మాట కొంతవరకు వర్తిస్తుంది. పెన్నకు మంచుతో పనిలేదు, అది నంది కొండల దగ్గర పుట్టిన వాననది. కృష్ణ మహాబలేశ్వరంలో పుడుతుంది, తుంగభద్ర కూడా పడమటి కనుమల నుంచే. మన వాన బాగోగులు హిందూ మహాసముద్రం, అరేబియా సముద్రం, బంగాళాఖాతం నీళ్ళు ఎంత వేడిగా ఉన్నాయన్న దానితో ముడిపడ్డాయి. అందుకని మంచుకొండల భాగం ఐదు నిమిషాలకు మించి పెట్టకండి. ఆశ్చర్యం కలిగించడానికి అంత చాలు.

గంటన్నర సినిమా మొత్తం వేయొద్దు. 25 నిమిషాలు ఎంచుకోండి. గాలిలో వాయువు ఎలా పెరిగిందో చూపే ముక్క, సముద్రం వేడికీ వానకూ సంబంధం చెప్పే ముక్క, జనం ఏదో ఒకటి చేసి చూపిన ముక్క ఉండాలి. మూడింటి తర్వాతా ఆపి, ఐదేసి నిమిషాలు మాట్లాడనివ్వండి. చివర్లో వరదలు, మంటలు, ఏడుపు సంగీతం ఉన్న భాగం చూపి ఆపేస్తే జనం గుండె బరువుతో ఇంటికెళ్ళి పడుకుంటారు. తెల్లారేసరికి బరువు దిగిపోతుంది, పని మిగలదు. భయం పెట్టి వెంటనే చేతికి పని ఇవ్వకపోతే మనిషి కళ్ళు తిప్పేసుకుంటాడు. అలాగే, నలుగురి ముందు సినిమా వేయడానికి నిర్మాతల అనుమతి కావాలి. బడికి, ఉచితంగా, ఎంతమందికి అని వివరంగా రాసి అడగండి. ముక్కలుగా వేస్తున్నామన్న సంగతి కూడా అందులోనే రాయండి.

తెలుగు అక్షరాలు కింద వేయడం మీ ఊళ్ళో పని చేయదు. చదవగలిగిన వాళ్ళకు కూడా బొమ్మ చూడ్డం, అక్షరం చదవడం రెండూ కుదరవు. పైగా చాలా టీవీలు, ప్లేయర్లు విడి ఫైలుగా ఉన్న తెలుగు సబ్‌టైటిల్స్ ఒత్తుల్ని విరిచేస్తాయి, లేదా డబ్బాలు చూపిస్తాయి. సినిమా గొంతు తగ్గించి ఒక మనిషి మైకులో చెప్పడం మేలు. ఇంగ్లీషులో చెప్పినదంతా తెలుగులోకి మారిస్తే ఆ నిడివిలో పట్టదు. మూడో వంతు రాసుకోండి, మిగతా చోట బొమ్మను మాట్లాడనివ్వండి. ఆ గొంతు ఊళ్ళో అందరికీ తెలిసిన గొంతయితే సగం పని అయినట్టే. పాల కేంద్రం నడిపే అక్క చదివితే కలెక్టరు గారు చదివినదానికంటే ఎక్కువ వింటారు.

సామాను గురించి రెండు మాటలు. వందమందికి 3000–3500 ల్యూమెన్ల (వెలుగు కొలత) ప్రొజెక్టరు, ఎనిమిది అడుగుల వెడల్పు బొమ్మ సరిపోతాయి. మామూలు ప్రొజెక్టరుకు ఆ బొమ్మ రావాలంటే తెరకు సుమారు పన్నెండు అడుగుల దూరం కావాలి. చివరి వరుస 45 అడుగులు దాటకూడదు. తెల్ల పంచె ఒంటి పొరగా కడితే వెలుతురు వెనక్కి పోయి బొమ్మ మసకబారుతుంది. రెండు మడతలు వేసి కింద కర్ర కట్టి బిగించండి, లేదా సున్నం కొట్టిన గోడ చాలు. ఆరుబయట అయితే వెన్నెల కూడా అడ్డమే, అమావాస్యకు అటూ ఇటూ రోజులు చూసుకోండి. ప్రొజెక్టరులోని స్పీకరు చాలదు. గుడి మీది హారన్ మైకు అసలు వద్దు, మాటలు గింగురుమని ఒకదానిలో ఒకటి కలిసిపోతాయి. పెట్టె స్పీకర్లు రెండు తెరకు ఇరువైపులా, కూర్చున్నవాళ్ళ చెవి ఎత్తులో పెట్టండి. కరెంటు పోతే లాంపు ప్రొజెక్టరులో ఫ్యాను ఆగిపోయి వేడి మీదున్న లాంపు చెడిపోవచ్చు. ఇన్వర్టరు మీదే నడపండి. 150 ఏహెచ్ బ్యాటరీ ఒకటి మంచి స్థితిలో ఉంటే ప్రొజెక్టరుకూ స్పీకర్లకూ కలిపి రెండు గంటలు వస్తుంది. ఫైలు నాలుగు జీబీ దాటితే చాలా పాత పెన్‌డ్రైవుల్లో ఎక్కదు, అది ఫ్యాట్32 పద్ధతిలో ఉండటం వల్ల. ముందురోజు సాయంత్రం అదే ప్రొజెక్టరు, అదే తీగలతో చివరిదాకా వేసి చూడండి.

వాయువు వేడిని ఎలా ఆపుతుందో చూపడానికి చాలామంది రెండు సీసాల ప్రయోగం చేస్తారు: ఒకదాంట్లో వంట సోడా, వెనిగరు కలిపి వచ్చిన వాయువు నింపి, బల్బు కింద పెట్టి థర్మామీటరు చూపిస్తారు. అది చేయకండి. ఆ తేడా ఎక్కువగా బరువైన వాయువు సీసాలో కదలకుండా నిలబడటం వల్ల వచ్చేది. భూమి చుట్టూ జరిగేది అది కాదు. తెలివైన పిల్లవాడు పట్టేస్తాడు, మీరు దొరికిపోతారు. కురుబవాళ్ళు నేసే కంబళి ఒకటి తెచ్చి పిల్లవాడికి కప్పండి. కంబళికి సొంత వేడి లేదు, లోపలి ఒంటి వేడిని బయటికి పోనివ్వదు. గాలిలోని ఈ వాయువు చేసేదీ అంతే, ఏటేటా కంబళి మందమవుతోంది. ఓజోన్ పొరకు పడ్డ చిల్లి వేరే కథ. దానికీ భూమి వేడెక్కడానికీ ముడి వేసే అలవాటు మన దగ్గర బాగా ఉంది, ఎవరో ఒకరు తప్పకుండా అడుగుతారు.

జనం మనసు మారిందా లేదా అని మీకెలా తెలుస్తుంది? చేతులెత్తమంటే టీచరమ్మ నొచ్చుకుంటుందని అందరూ ఎత్తుతారు. కుండలు వాడండి. వచ్చిన ప్రతి ఒక్కరికీ ఒక శనగ్గింజ, ఒక కందిగింజ, ఒక ఉలవ ఇవ్వండి. ‘వాన, ఎండ తీరు మారడంలో మనుషులు కాల్చే బొగ్గు, డీజిలు పాత్ర ఉందా?’ ఉందనుకుంటే శనగ, లేదనుకుంటే కంది, తెలియకపోతే ఉలవ ఒక కుండలో వేయాలి, మిగతా రెండూ పక్క కుండలో. రెండు కుండల్లోనూ అడుగున గుడ్డ పరచండి, లేకపోతే శనగ్గింజ పడిన చప్పుడు పక్కవాడికి తెలిసిపోతుంది. సినిమాకు ముందు ఒకసారి, అయ్యాక ఒకసారి, నాలుగు వారాల తర్వాత ఇంకోసారి. నాలుగోవారం లెక్కే అసలు లెక్క. ఆ రాత్రి వచ్చిన సంఖ్య చూసి సంబరపడకండి. రెండో ప్రశ్న ఇంకా ముఖ్యం: ‘ఈసారి చేలో ఏదైనా మార్చి చేద్దామనుకుంటున్నారా?’

సినిమాకు ముందే మీ పిల్లలతో ఒక పని చేయించండి. జిల్లా ముఖ్య ప్రణాళికాధికారి కార్యాలయంలో మీ మండలం రోజువారీ వర్షపు లెక్కలు అడగండి, ముప్పై ఏళ్ళవి దొరికితే మరీ మంచిది. ఏటా జూన్ నుంచి సెప్టెంబరు దాకా 2.5 మిల్లీమీటర్లు దాటిన రోజులెన్ని, వాటి మధ్య అన్నిటికన్నా పొడుగైన బెట్ట ఎన్ని రోజులు, 64.5 దాటిన భారీ వాన రోజులెన్ని అని లెక్కించి, ఏడాదికొక గీతగా పెద్ద కాగితం మీద గీయించండి. ఖాళీగా ఉన్న గడిని సున్నా అనుకోవద్దు. లెక్క రాయని రోజు, వాన పడని రోజు ఒకటి కాదు. వానమాపకం చోటు మారిందేమో కూడా కనుక్కోండి. ఆ కాగితాన్ని రచ్చకట్ట దగ్గర పెట్టి, ఏ ఏడు ఆరుద్ర పోయింది, ఏ ఏడు ఉత్తర ఆదుకుంది అని పెద్దల్ని చెప్పమనండి. సినిమాలో ఏ శాస్త్రవేత్త చెప్పినా రాని నమ్మకం ఇక్కడ వస్తుంది. ఒక హెచ్చరిక: ఒక్క మండలం లెక్కల్లో ఎగుడుదిగుళ్ళే ఎక్కువ. ఏ ధోరణీ కనబడకపోతే కనబడలేదని చెప్పేయండి. ప్రపంచం మొత్తం వేడెక్కుతోందనడానికి రుజువు వేల కేంద్రాల లెక్క. మీ కాగితం పని ఊళ్ళో మాట మొదలుపెట్టించడం వరకే.

2021 నవంబరు 19న కడప జిల్లా రాజంపేట దగ్గర చెయ్యేరు మీద అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి ఊళ్ళు కొట్టుకుపోయిన సంగతి మీ దగ్గరా కొందరు ఎత్తుతారు. 2009 అక్టోబరు 2న కర్నూలు మునిగిన సంగతి కూడా. కుండపోతలు పెరుగుతాయన్నది విజ్ఞానం చెప్పే మాట. ఫలానా వరదలో దాని వంతెంత, కట్టల నిర్వహణ వంతెంత అన్నది విడిగా తేల్చాల్సిన లెక్క. రెండూ కలిపి మాట్లాడితే తప్పు చేసినవాళ్ళు ‘అంతా ప్రకృతి’ అని తప్పించుకుంటారు.

‘మన పాపం ఎంత?’ అన్న ప్రశ్నా వస్తుంది. భారతీయుడి సగటు వాటా ఏడాదికి సుమారు రెండు టన్నుల కార్బన్ డయాక్సైడ్, అమెరికావాడిది దాదాపు పద్నాలుగు. మెట్ట రైతుది, కూలీది అందులోనూ ఎంత తక్కువో వేరే చెప్పాలా? అలాంటివాళ్ళకు ‘లైట్లు ఆర్పండి’ అని చెప్పే ముక్క చూపిస్తే అవమానంగా ఉంటుంది. దాన్ని కోసేయండి. వాళ్ళను అడగాల్సింది వాళ్ళను కాపాడే పనులు. ఎకరంలో 20 మిల్లీమీటర్ల వాన పడితే అది 80 వేల లీటర్లు. ఈ ఒక్క లెక్క బోర్డు మీద వేసి చూపించండి, పంటకుంట గురించి ఉపన్యాసం అక్కర్లేదు. గట్టు సరిచేయడం, వాలుకు అడ్డంగా దున్నడం, వేరుశనగలో కంది సాళ్ళు వేయడం, తొలకరికి ముందే నవధాన్యాలు చల్లి నేల కప్పి ఉంచడం, బెట్టను తట్టుకునే కదిరి లేపాక్షి లాంటి వేరుశనగ రకాల గురించి అడగడం: వీటిలో ఒకటి చేసిన రైతును ఆ రాత్రే మైకు ముందు నిలబెట్టండి. కూలీలకు పనివేళలు, నీళ్ళ కుండలు, రేకుల ఇళ్ళ మీద తెల్ల సున్నం. ఆ రాత్రి పేర్లు రాసుకుని మర్నాటికే వ్యవసాయ సహాయకుణ్ణి రప్పించండి. పది రోజులు ఆగితే తలుపు మూసుకుపోతుంది.

ఏడ్చిన పిల్లల్ని మాత్రం వదిలేయకండి. మర్నాడు ఉదయం వాళ్ళతో ఒక వానమాపకం చేయించండి. పైనుంచి కిందిదాకా ఒకే వెడల్పున్న డబ్బా కావాలి. సీసా అయితే అడుగున గుంతలుంటాయి గనక గులకరాళ్ళు వేసి నీళ్ళు పోసి, నిటారు గోడ మొదలైన చోట సున్నా గీయండి. పైభాగం కోసి బోర్లించి గరాటులా పెడితే మన ఎండకు నీళ్ళు ఆవిరైపోవడం తగ్గుతుంది. చెట్టుకూ గోడకూ వాటి ఎత్తుకు రెండింతల దూరంలో, నేల నుంచి అడుగు ఎత్తున పాతండి. రోజూ ఉదయం 8.30కి చూసి రాసేవాడి పేరు వారానికొకటి మార్చండి. ఏడుపు తెప్పించిన విషయాన్ని చేతులతో కొలిచే పిల్ల మీద భయం పట్టు కోల్పోతుంది.

మళ్ళీ వేయడానికి ఏప్రిల్ మూడోవారం లోపు మంచిది. స్కూలు తెరిచే ఉంటుంది, ఏ విత్తనం కొనాలో రైతు ఇంకా తేల్చుకోడు. ఆ పెద్దాయన ఇంటికి మీరే వెళ్ళి పిలవండి. సినిమాకు ముందు పది నిమిషాలు ఆయన చేత ధాత కరువు గురించి ఇంట్లో విన్న మాటలు చెప్పించండి. తర్వాత ‘పెద్దాయనా, అప్పటికీ ఇప్పటికీ తేడా ఏముంది?’ అని పిల్లల చేతే అడిగించండి. ఆయన ‘ఏమీ లేదు’ అన్నా సరే, మైకు లాక్కోకండి.